ఆలస్యం ఎక్కడ జరుగుతోంది? రసాయన చర్యల వేగం వెనక లెక్క

గది ఉష్ణోగ్రత దగ్గర, మామూలు వాతావరణ పీడనం కింద, వజ్రం కంటే గ్రాఫైటే స్థిరమైన రూపం. తేడా పెద్దదేం కాదు, మోల్‌కి సుమారు 2.9 కిలోజౌళ్లు. అయినా శక్తి లెక్కల ప్రకారం ఉంగరాల్లో పొదిగిన ప్రతి వజ్రమూ పెన్సిల్ ముల్లులోని సరుకుగా మారిపోవాల్సిందే. ఎవరి ఉంగరమూ అలా నల్లబడలేదు. హైడ్రోజన్, ఆక్సిజన్‌ల సంగతీ అంతే. ఈ రెండూ కలిస్తే నీరవుతుందని, బోలెడు వేడి పుడుతుందని బడిలోనే చదువుకుంటాం. కానీ వాటిని శుభ్రమైన గాజు పాత్రలో కలిపి ఊరికే ఉంచితే ఏళ్ల తరబడి ఒకదాన్నొకటి పట్టించుకోవు. ఒక్క నిప్పురవ్వ పడిందా, రెప్పపాటులో పేలిపోతాయి.

ఒక చర్య జరగడానికి వీలుందా అన్నది ఒక ప్రశ్న. ఎంతసేపట్లో జరుగుతుందన్నది పూర్తిగా వేరే ప్రశ్న. మొదటిదానికి ఉష్ణగతిశాస్త్రం జవాబు చెబుతుంది, రెండోదాని గురించి మాత్రం నోరు విప్పదు. అది రసాయన గతిశాస్త్రం పని. పాఠ్యపుస్తకంలో ఆ అధ్యాయం తెరిస్తే ముందుగా కనబడేది ఒక జాబితా: క్రియాజనకాల (అంటే చర్యలో పాల్గొనే పదార్థాల) స్వభావం, గాఢత, ఉష్ణోగ్రత, ఉపరితల వైశాల్యం, ఉత్ప్రేరకం (చర్యని వేగవంతం చేసి, చివరికి తాను మిగిలిపోయే పదార్థం), కాంతి. పరీక్ష గట్టెక్కడానికి అది చాలు. చిక్కేమిటంటే, ఆ జాబితాలో చాలా సూత్రాలకి ఎదురు తిరిగే చర్య ఎక్కడో ఒకటి ఉంటుంది. గాఢత పెంచితే ఆగిపోయేవి ఉన్నాయి, వేడి చేస్తే నెమ్మదించేవీ ఉన్నాయి. వాటిని మినహాయింపులని పక్కన పెట్టేస్తే విషయం ఎప్పటికీ ఒంటబట్టదు. ఈ చర్య ఏ దారిన పోతోంది, ఆ దారిలో ఎక్కడ ఆలస్యమవుతోంది అని అడిగితే మాత్రం సూత్రాలూ మినహాయింపులూ ఒకే లెక్కలో ఇమిడిపోతాయి.

వేగాన్ని మొదట అంకెల్లో పట్టుకున్నవాడు లుడ్విగ్ విల్‌హెల్మీ అనే జర్మన్ శాస్త్రవేత్త. 1850లో ఆయన చక్కెర ద్రావణంలో ఆమ్లం కలిపి, చక్కెర గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడిపోవడాన్ని గమనించాడు. కంటితో చూస్తే ఏమీ తెలియదు. రంగు మారదు, బుడగలు రావు. అయితే చక్కెర ద్రావణం ధ్రువిత కాంతిని (ఒకే తలంలో కంపించే కాంతిని) కుడివైపుకి తిప్పుతుంది, విడిపోయాక మిగిలే మిశ్రమం ఎడమవైపుకి తిప్పుతుంది. ఆ కోణం ఎంత మారిందో పోలారిమీటర్‌తో కొలుస్తూ పోతే ఇంకా ఎంత చక్కెర మిగిలిందో తెలిసిపోతుంది. ఏ క్షణాన ఎంత చక్కెర మిగిలి ఉందో, ఆ క్షణాన వేగం దానికి అనులోమానుపాతంలో ఉందని ఆయనకి తేలింది. సగం అయిపోయేసరికి వేగమూ సగానికి పడిపోతుంది. మిగిలిన దానిలో సగం అవడానికి మళ్లీ మొదటిసారి పట్టినంత సమయమే పడుతుంది. ఇంత చక్కటి పనిని మూడు దశాబ్దాలకు పైగా ఎవరూ పట్టించుకోలేదు. రసాయన శాస్త్రవేత్త ఓస్ట్‌వాల్డ్ వెలికి తీసి చెప్పాకే విల్‌హెల్మీ పేరు పుస్తకాలకెక్కింది.

చర్య వేగం అనేది చర్య సాగుతున్నకొద్దీ మారిపోయే అంకె అని దీన్నిబట్టి అర్థమవుతుంది. ఎంత గాఢత దగ్గర, ఎంత ఉష్ణోగ్రత దగ్గర అన్నది చెప్పకుండా వేగం చెబితే ఆ మాటకి విలువ లేదు. ఉష్ణోగ్రత కదలకుండా ఉంటే స్థిరంగా ఉండేది, గాఢతతో వేగాన్ని ముడిపెట్టే రేటు స్థిరాంకం ఒక్కటే.

ఇప్పుడు అణువుల దగ్గరికి వద్దాం. మామూలు పీడనం, ఉష్ణోగ్రతల దగ్గర గాలిలోని ఒక్కో అణువు సెకనుకి కొన్ని వందల కోట్ల సార్లు పక్క అణువుల్ని ఢీకొడుతుంది. ప్రతి ఢీకీ చర్య జరిగిపోయేటట్లయితే వాయువుల మధ్య ఏ చర్యైనా కన్నుమూసి తెరిచేలోగా ముగిసిపోవాలి. అలా జరగడం లేదంటే ఢీకొన్నవాటిలో దాదాపు అన్నీ వృథా అవుతున్నాయన్నమాట. పాత బంధాలు తెగి కొత్తవి ఏర్పడే మధ్యలో అణువులు శక్తి బాగా ఎక్కువైన ఒక ఇరుకు స్థితిని దాటాలి. అది దారికి అడ్డంగా ఉన్న గట్టు లాంటిది. ఆ గట్టు ఎత్తే ఉత్తేజన శక్తి. దాన్ని దాటేంత శక్తి లేని అణువులు ఢీకొని, ఏమీ కానట్టు వెనక్కి మళ్లుతాయి. శక్తి ఉన్నా, ఒకదానికొకటి తగలాల్సిన వైపు తగలకపోతే అప్పుడూ అంతే.

క్రియాజనకాల స్వభావం అని జాబితాలో మొదట రాసేది నిజానికి ఈ గట్టు ఎత్తు గురించే. సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ఉప్పునీరు పోస్తే తెల్లటి అవక్షేపం అక్కడికక్కడే పడుతుంది. అక్కడ తెంచాల్సిన బంధాలు లేవు, విడివిడిగా తిరుగుతున్న అయాన్లు కలవడమే. నీటిలో హైడ్రోజన్ అయాను, హైడ్రాక్సైడ్ అయాను ఎదురుపడితే చాలు, కలిసిపోతాయి. అక్కడ ఆలస్యమంతా ఒకదాన్నొకటి వెతుక్కోవడంలోనే. బలమైన సమయోజనీయ బంధాలు తెగాల్సి వస్తే మాత్రం కథ మారిపోతుంది. వజ్రంలో ప్రతి కార్బన్‌నీ నాలుగు వైపులా బిగించి కట్టిన బంధాలు తెంచాలి కాబట్టే అది ఉంగరంలో వజ్రంగానే ఉండిపోతోంది. గాలి తగలకుండా 1500 డిగ్రీలు దాటించి వేడి చేస్తే అదీ గ్రాఫైట్ అవుతుంది.

వేడి చేస్తే వేగం ఎందుకు పెరుగుతుంది? అణువులు చురుగ్గా కదిలి ఎక్కువసార్లు ఢీకొంటాయి కాబట్టి అని చాలామంది చెబుతారు. మాట తప్పేం కాదు గానీ, లెక్క చూస్తే అందులో పస లేదు. 25 డిగ్రీల నుంచి 35 డిగ్రీలకి వేడి చేస్తే ఢీకొనే సంఖ్య రెండు శాతం కూడా పెరగదు. వేగం మాత్రం చాలా చర్యల్లో దాదాపు రెట్టింపవుతుంది. ఆ మిగతా పెరుగుదల ఎక్కడిది?

స్వీడన్‌కి చెందిన స్వాంటే అరీనియస్ 1889లో చెప్పిన జవాబే ఇప్పటికీ నిలబడింది. ఆయన చేతిలోకి తీసుకున్నదీ విల్‌హెల్మీ వాడిన చక్కెర చర్యనే. చక్కెర అణువులన్నీ ఒకే స్థితిలో లేవు, ఏ క్షణాన చూసినా వాటిలో అతి కొద్దివి మాత్రమే చర్యకి సిద్ధంగా ఉంటాయి, ఉష్ణోగ్రత పెరిగితే ఆ కొద్దివాటి సంఖ్య వేగంగా పెరుగుతుంది అన్నాడు. ఉత్తేజన శక్తి మోల్‌కి 50 కిలోజౌళ్లున్న చర్యనే తీసుకుని లెక్క వేద్దాం. 25 డిగ్రీల దగ్గర గట్టు దాటగల శక్తి ఉన్న ఢీలు వంద కోట్లలో రెండు కూడా ఉండవు, సుమారు 1.7. 35 డిగ్రీల దగ్గర అవి 3.3 అవుతాయి. సగటు శక్తి ఏ మూడు శాతమో పెరిగింది, గట్టు దాటేవాళ్ల సంఖ్య దాదాపు రెట్టింపైంది. వేడి ప్రభావమంతా ఆ చివరన ఉన్న కొద్దిపాటి అణువుల మీదే కనబడుతుంది.

పది డిగ్రీలకి వేగం రెట్టింపు అనే నోటిలెక్క ఇక్కడి నుంచే వచ్చింది. అది 50 కిలోజౌళ్ల గట్టుకి సరిపోయే లెక్క. గట్టు 20 అయితే అదే పది డిగ్రీలకి వేగం 1.3 రెట్లే అవుతుంది. ఆ చక్కెర చర్యకి గట్టు 107 దాకా ఉంటుంది, దాని వేగం నాలుగు రెట్లవుతుంది. గట్టు ఎంత ఎత్తుగా ఉంటే చర్య వేడికి అంతగా స్పందిస్తుందని గుర్తుపెట్టుకోవడం మేలు. మందుల కంపెనీలు గడువు తేదీ నిర్ణయించేటప్పుడు ఈ సూత్రాన్నే ఆసరా చేసుకుంటాయి. మందుని 40 డిగ్రీలు, 75 శాతం తేమ దగ్గర ఆరు నెలలు ఉంచి చూసే పరీక్ష ఒకటి అంతర్జాతీయ నిబంధనల్లో ఉంది. మామూలు గదిలో చాలాకాలానికి జరగబోయే పాడు, ఆ వేడిలో ముందే బయటపడుతుంది.

మరి వేడి చేస్తే నెమ్మదించేవి? నైట్రిక్ ఆక్సైడ్ ఆక్సిజన్‌తో కలిసి గోధుమరంగు నైట్రోజన్ డయాక్సైడ్‌గా మారే చర్యని తీసుకోండి. ఉష్ణోగ్రత పెంచితే దీని వేగం తగ్గుతుంది. అరీనియస్ ఏమీ ఓడిపోలేదు, దారి ఒక్క అడుగులో ముగియకపోవడం వల్ల వచ్చిన తేడా ఇది. ముందు రెండు నైట్రిక్ ఆక్సైడ్ అణువులు తాత్కాలికంగా జతకట్టాలి, ఆ జత విడిపోకముందే ఆక్సిజన్ వచ్చి తగలాలి. వేడి పెరిగితే జతలు నిలవవు. ఆక్సిజన్ వచ్చేసరికి అక్కడ ఎవరూ ఉండరు. శరీరంలో చర్యల్ని వేగవంతం చేసే ప్రోటీన్లైన ఎంజైముల తీరు వేరు. కొంతదూరం వేడితో పాటు పని పెరిగి, ఆ తర్వాత ఎంజైము ఆకారమే చెడిపోయి పని ఆగిపోతుంది.

గాఢత సంగతి ప్రయోగశాలలో అందరూ చేసే ఒక ప్రయోగంతో చూద్దాం. తెల్ల కాగితం మీద పెన్నుతో గుణకారం గుర్తు గీసి, దాని మీద శంకుకుప్పె పెట్టి, అందులో సోడియం థయోసల్ఫేట్ ద్రావణం పోస్తారు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపిన వెంటనే ఏమీ జరగదు, ద్రావణం నీళ్లలా తేటగానే ఉంటుంది. కాసేపటికి నీలిఛాయతో పల్చటి మసక మొదలవుతుంది. అది చిక్కబడి పాలలా, ఆ పైన లేత పసుపుగా మారుతుంది. సన్నటి గంధకపు రేణువులు పుడుతున్నాయన్నమాట. పైనుంచి చూస్తుంటే గీతల అంచులు కరిగినట్టు కనిపించి, ఒక క్షణాన గుర్తు మాయమవుతుంది. అక్కడ గడియారం ఆపాలి. థయోసల్ఫేట్ గాఢత సగం చేసి మళ్లీ మొదలుపెడితే గుర్తు మాయమవడానికి దాదాపు రెట్టింపు సమయం పడుతుంది. ఇంతవరకూ పుస్తకంలో ఉన్నదే. ఇప్పుడు థయోసల్ఫేట్‌ని కదపకుండా ఆమ్లం గాఢత మార్చి చూస్తే మునుపటంత తేడా కనిపించదు. రెండూ క్రియాజనకాలే, వేగం మీద రెండింటి పట్టూ ఒకటి కాదు.

దీనికంటే తేటగా ఉండే ఉదాహరణ ఒకటుంది. నైట్రోజన్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ చర్య జరిపితే నైట్రిక్ ఆక్సైడ్, కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. సమీకరణంలో ఒక్కో అణువు చొప్పున చాలా సాదాగా కనిపిస్తుంది. సుమారు 225 డిగ్రీలకి దిగువన వేగాన్ని కొలిస్తే మాత్రం, అది నైట్రోజన్ డయాక్సైడ్ గాఢత వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్ ఎంత పెంచినా వేగంలో మార్పు రాదు. ఎందుకంటే ముందు రెండు నైట్రోజన్ డయాక్సైడ్ అణువులు ఢీకొని, ఒకదాన్నుంచి మరొకదానికి ఒక ఆక్సిజన్ పరమాణువు మారాలి. నెమ్మదిగా జరిగేది అదే. కార్బన్ మోనాక్సైడ్ పని ఆ తర్వాత మొదలై క్షణాల్లో అయిపోతుంది. కాబట్టి సమీకరణం చూసి వేగ నియమం (వేగానికీ గాఢతలకీ ఉన్న సంబంధం) రాయకూడదు. అది ప్రయోగంలో తేలాల్సిందే, తేలాక మాత్రం అణువులు నడిచిన దారి గురించి చాలా చెబుతుంది. గతిశాస్త్రంలో నాకు అన్నిటికంటే నచ్చేది ఈ సంగతే. ఎవరికీ కనబడని అడుగుల వరుసని గడియారంతో, గాఢతల మార్పుతో ఊహించి పట్టుకోవచ్చు.

గాఢత పెంచితే చర్య ఆగిపోయే ఉదాహరణ ఇనుముది. సజల నత్రికామ్లంలో ఇనుము బుసబుసమని కరుగుతుంది, బాగా గాఢమైన నత్రికామ్లంలో వేస్తే మొదట్లో కాస్త కదలిక తర్వాత చడీచప్పుడూ ఉండదు. 1836లో మైకేల్ ఫారడే దీన్ని పరిశీలించి, లోహం మీద కంటికి ఆనని ఆక్సైడ్ పొర ఏర్పడి ఉంటుందన్నాడు. ఆ ఆలోచనే నిలిచింది. గాఢ ఆమ్లం చర్యని వేగంగా మొదలుపెట్టి, తన దారికి తానే గోడ కట్టేసుకుంటోంది. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని ఉక్కు ట్యాంకుల్లో రవాణా చేయగలగడం వెనకా ఇలాంటి పొరే ఉంది. అదే ఆమ్లంలో నీళ్లు చేరి పల్చబడితే ఉక్కుని తినేస్తుంది.

వాయువుల్లో పీడనం పెంచడమంటే గాఢత పెంచడమే కాబట్టి దాని గురించి వేరే చెప్పేదేం లేదు. ఘనపదార్థాల్లో గాఢతకి అర్థం ఉండదు, అక్కడ లెక్కలోకి వచ్చేది బయటికి తేలిన ఉపరితలం. సెంటీమీటరు భుజం ఉన్న ఘనానికి ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్ని మిల్లీమీటరు ఘనాలుగా కోస్తే 60. మైక్రోమీటరు ఘనాలదాకా నలగ్గొడితే 6 చదరపు మీటర్లు. పదార్థం అదే, బరువు అదే, చర్యకి ఎదురుగా నిలబడ్డ వైశాల్యం పదివేల రెట్లు. గాలిలో పొడి తేలుతున్నప్పుడు ప్రతి రేణువు చుట్టూ ఆక్సిజన్ ఉంటుంది, ఒకటి అంటుకుంటే ఆ వేడి పక్కదాన్ని అంటిస్తుంది. 2008 ఫిబ్రవరిలో అమెరికాలోని జార్జియా రాష్ట్రం పోర్ట్ వెంట్‌వర్త్‌లో ఒక పంచదార శుద్ధి కర్మాగారం పేలి 14 మంది చనిపోయారు. పేలింది మందుగుండు కాదు, పేరుకుపోయిన పంచదార ధూళి. గడ్డగా ఉన్న పంచదారని అగ్గిపుల్లతో అంటించాలని చూసినవారికి ఇది నమ్మశక్యం కాకపోవచ్చు.

ఉత్ప్రేరకం దగ్గర మాత్రం తొందరపడకూడదు. ఆక్సాలిక్ ఆమ్లాన్ని పొటాషియం పర్మాంగనేట్‌తో అంశమాపనం (టైట్రేషన్) చేసేటప్పుడు దాని పని కళ్లముందే జరుగుతుంది. ఆక్సాలిక్ ఆమ్లంలో సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి, 60 డిగ్రీల దాకా వేడి చేసి, బ్యూరెట్ నుంచి పర్మాంగనేట్ వదులుతారు. మొదటి చుక్క పడగానే ద్రావణం గులాబీరంగుకి తిరిగి అలాగే ఉండిపోతుంది. కొత్తగా చేసేవాళ్లు ఇదే అంతిమ స్థానమనుకుని కంగారు పడతారు. కుప్పెని తిప్పుతూ ఓపిక పడితే రంగు నెమ్మదిగా పోతుంది. రెండో చుక్క ఇంకొంచెం త్వరగా పోతుంది. కాసేపటికి చుక్క పడటం, రంగు విరిగిపోవడం ఒకేసారి జరుగుతాయి. క్రియాజనకాలు తగ్గిపోతుంటే వేగం పెరగడమేమిటి? ఆ చర్యలో పుట్టే మాంగనీస్ అయాన్లే దానికి ఉత్ప్రేరకం. మొదటి చుక్కకి అవి లేవు, తర్వాతి చుక్కలకి ఉన్నాయి. దీన్ని స్వయం ఉత్ప్రేరణ అంటారు.

ఉత్ప్రేరకం గట్టుని తగ్గిస్తుందని వాడుకగా అంటారు. సరిగ్గా చెప్పాలంటే పాత గట్టు ఎక్కడికీ పోదు, తక్కువ ఎత్తున్న మరో దారి తెరుచుకుంటుంది. ఉత్ప్రేరకం చర్యలో పాల్గొంటుంది, తాత్కాలికంగా బంధాలు కలుపుకుంటుంది, చివరికి తన రూపానికి తాను వచ్చేస్తుంది. అందులో పాల్గొనదని రాసే గైడ్లని నమ్మకండి. కొత్త దారి రెండు వైపులా నడవడానికీ వీలైనదే కాబట్టి, పురోగామి చర్యతో పాటు తిరోగామి చర్యా వేగవంతమవుతుంది. అందుకే ఏ ఉత్ప్రేరకమూ సమతాస్థితిని (రెండు వైపులా వేగం సమానమయ్యే స్థితిని) పక్కకి జరపలేదు, అక్కడికి త్వరగా చేర్చగలదంతే. జరగడానికి వీల్లేని చర్యని జరిపించడం దాని తరం కాదు.

ఈ పనిలో ఎంజైములకి సాటి వచ్చేవి లేవు. డీఎన్ఏ, ఆర్ఎన్ఏల ముడిసరుకు తయారీలో ఒరొటిడిన్ మోనోఫాస్ఫేట్ నుంచి కార్బన్ డయాక్సైడ్‌ని విడగొట్టే మెట్టు ఒకటుంది. ఉత్త నీటిలో, ఏ సాయమూ లేకుండా వదిలేస్తే అందులో సగం విడిపోవడానికి సుమారు 7.8 కోట్ల సంవత్సరాలు పడుతుందని రిచర్డ్ వుల్ఫెండెన్ బృందం 1995లో అంచనా కట్టింది. కణంలోని ఎంజైము అదే పనిని సెకనుకి 40 సార్ల దాకా చేస్తుంది. 1 పక్కన 17 సున్నాలు పెడితే ఎంతో, అన్ని రెట్ల వేగం. ఉత్ప్రేరణ మనకి మేలే చేస్తుందన్న హామీ లేదు. 1974లో రసాయన శాస్త్రవేత్తలు మోలినా, రోలాండ్‌లు హెచ్చరించినట్టు, క్లోరోఫ్లోరోకార్బన్ల నుంచి విడివడిన ఒక్కో క్లోరిన్ పరమాణువు స్ట్రాటోస్పియర్‌లో లక్ష దాకా ఓజోన్ అణువుల్ని విరగ్గొట్టగలదు. అక్కడ క్లోరిన్ చేసేదీ ఉత్ప్రేరకం పనే.

కాంతి దారి ఇంకోటి. వేడి అణువులన్నిటికీ తలా కొంచెం పంచుతుంది, కాంతి ఒక్క అణువుని ఎంచుకుని తన మూటంతా దానికే ఇస్తుంది. హైడ్రోజన్, క్లోరిన్ మిశ్రమం చీకట్లో కదలకుండా ఉంటుంది. నీలికాంతి పడితే క్లోరిన్ అణువు రెండుగా విడిపోయి, ఆ పరమాణువు హైడ్రోజన్‌ని విడగొట్టి, అది మళ్లీ ఇంకో క్లోరిన్‌ని విడగొట్టి, గొలుసుగా సాగి పేలిపోతుంది.

ఇవన్నీ ఒకదానితో ఒకటి పేచీ పడే చోటు అమ్మోనియా తయారీ. నైట్రోజన్, హైడ్రోజన్ కలిస్తే వేడి వెలువడుతుంది, కాబట్టి ఉష్ణోగ్రత తగ్గిస్తే సమతాస్థితిలో అమ్మోనియా వాటా పెరుగుతుంది. కానీ తగ్గిస్తే చర్యే నడవదు. పెంచితే నడుస్తుంది గానీ అమ్మోనియా వాటా పడిపోతుంది. 1909లో ఫ్రిట్జ్ హేబర్ అధిక పీడనంతో దారి చూపాడు. ఖరీదైన ఉత్ప్రేరకాలు అక్కర్లేకుండా ఇనుముతోనే పని జరిగేలా అల్విన్ మిటాష్ బృందం వేల పరీక్షలు చేసింది. 1913లో జర్మనీలోని ఒప్పావ్‌లో కర్మాగారం మొదలైంది. ఈనాటికీ ఈ పద్ధతిలో 400 నుంచి 500 డిగ్రీల వేడి, 150 నుంచి 250 రెట్ల వాతావరణ పీడనం మామూలే. ఒక్కసారి పంపిన వాయువుల్లో కొంత భాగమే అమ్మోనియా అవుతుంది. దాన్ని చల్లబరిచి తీసేసి, మిగిలినదాన్ని మళ్లీ మళ్లీ తిప్పుతారు. ఇంత వేడి ఎందుకు కావాల్సి వస్తోందో, ఏ అడుగు దగ్గర ఆగుతోందో కచ్చితంగా తేల్చింది గెర్హార్డ్ ఎర్ట్ల్. 2007లో ఆయనకి నోబెల్ వచ్చింది. హైడ్రోజన్ ఇనుము మీద సులువుగానే విడిపోతుంది. ఆలస్యమంతా మోల్‌కి 945 కిలోజౌళ్ల త్రిబంధంతో బిగుసుకున్న నైట్రోజన్ అణువు ఆ ఉపరితలం మీద రెండుగా చీలే దగ్గరే. తక్కువ వేడిలో అమ్మోనియా తీసే ఉత్ప్రేరకం కోసం వెతుకుతున్నవాళ్లందరూ ఇప్పుడు కుస్తీ పడుతున్నది ఆ ఒక్క అడుగుతోనే.